వాగులో పోసిన కుంకుడు రసం

ఈ వినాయక చవితికి మూడేళ్ళు. ఆ చవితి వెళ్ళిన మర్నాడు మా ఇంటి వెనక వాగులో సాలమండర్ పిల్లలన్నీ చచ్చిపోయాయి. మా వీధిలో లాన్‌లకి మందు కొట్టే మనిషి తన మందు ట్యాంకు అందులో కడిగాడని అందరూ నమ్మారు. అతని కాంట్రాక్టు తీసేశారు. అతను ఆ పని చేయలేదు. వాటిని చంపింది నేను. తెలియకే చంపాను. కానీ అతని మీద నింద ఖాయమైన వేళకి నాకు సంగతి తెలుసు. మన తెలుగు సంఘం సంచికలోనే ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను చేసిన పని ఈ సంచిక వెళ్ళే ఏ ఇంట్లోనైనా జరగవచ్చు.

ముందు వాగు సంగతి చెప్పాలి. న్యూజెర్సీలో, ఐసెలిన్‌కి ముప్పావు గంట దూరంలో మా ఇల్లు. పెరట్లో గడ్డి దాటితే చిన్న అడవి ముక్క, అందులో ఈ వాగు. వానలప్పుడు తప్ప ఒక్క అంగలో దాటేయొచ్చు. రోడ్డు కింది తూములోంచి వచ్చి, మా పెరటి పక్కగా, ఆ తర్వాత పక్కింటావిడ పెరటి పక్కగా పోతుంది. ఇల్లు కొన్న చాలా ఏళ్ళ దాకా అది వాననీళ్ళు పోయే కాలవ అనుకున్నాను.

పక్కింటావిడ హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరైన అమెరికన్. డెబ్బై దాటినా గమ్‌బూట్లు వేసుకుని వాగులో తిరుగుతూ ఉంటుంది. ఏం వెతుకుతోందో నేనెప్పుడూ అడగలేదు. నాలుగేళ్ళ కిందట చవితి రోజున ఆవిడే మా పెరట్లోకి వచ్చింది. సంఘం చవితి భోజనాలకి పులిహోర, పప్పు, పరమాన్నం మా గ్యారేజీలోనే వండుతాం. వంట నా ఆధ్వర్యంలో జరుగుతుంది. సంఘం తాలూకు రెండు ఇత్తడి గుండిగలు, నాలుగు డేక్సాలు మా దగ్గరే ఉంటాయి. అవి వంటింటి సింకులో పట్టవు. వాగు గట్టున హోస్ పెట్టి, గిన్నెలు తోమే సబ్బుతో తోముతున్నాను. నురగ వాగులోకి పోతోంది. ఆవిడ కోప్పడలేదు. చేతులు బాగా కడుక్కుని తనతో రమ్మంది.

నీళ్ళ అంచున ఒక చపటా రాయిని తన వైపుకి మెల్లగా ఎత్తింది. కింద వేలెడు పొడుగున పసుపుపచ్చటి ప్రాణి, సాలమండర్ అంది. కంటి దగ్గర మొదలై తోక దాకా వెన్నుకి రెండు పక్కలా రెండు నల్లటి గీతలు. చూడ్డానికి బల్లి, కానీ ఒంటి మీద పొలుసు ఉండదు, కాళ్ళకి గోళ్ళుండవు. కప్పకి దగ్గరి చుట్టం. ఆవిడ చెయ్యి నీళ్ళలో తడిపి, ఆ తడిచేతిలోకి దాన్ని తీసుకుని గొంతు చూడమంది. గొంతు కింద చర్మం టకటకా కొట్టుకుంటోంది. ఊపిరి పీల్చడం అనుకున్నాను. ఒక రకంగా అంతేనట. కాకపోతే దానికి ఊపిరితిత్తులు లేవు. తడిగా ఉన్న ఒంటి చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలిలోని ప్రాణవాయువు తీసుకుంటుంది. చర్మం ఆరితే ఊపిరాడదు. చర్మం మీద సబ్బు పడినా ప్రమాదమే. అందుకే ఎప్పుడూ చల్లటి, పారే నీళ్ళ పక్కన రాళ్ళ కింద బతుకుతుంది.

మా ఆవిడ వచ్చి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "బల్లి మీద పడితే ఏం చేయాలో పంచాంగంలో ఉంటుంది. తడిబల్లి పడితే ఏం చేయాలో ఎవర్నడగాలండీ?" అంది నాతో తెలుగులో. పక్కింటావిడ ఏమందని అడిగితే, చాలా అందంగా ఉందంటోందని చెప్పాను.

మరుసటి చవితికి సబ్బు వాడకూడదనుకున్నాను. అప్పుడు నాకు తట్టింది కుంకుడుకాయ. ఈ ఆలోచన నాదే, ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఓక్‌ట్రీ రోడ్డులోని మన దుకాణాల్లో నాలుగు పెద్ద ప్యాకెట్లు కొన్నాను. కొట్టి, గింజలు తీసేసి, ఒక డేక్సాలో చాలాసేపు మరగబెట్టాను. చింతపండుతో ఇత్తడి తోమి, కుంకుడు రసంతో జిడ్డు వదలగొట్టాను. గుండిగలు పెళ్ళి పందిట్లో వాటిలా మెరిశాయి. ఫెన్స్ అవతల పక్కింటావిడ కనిపిస్తే, ఈ ఏడాది సబ్బు చుక్క కూడా లేదని అరిచి చెప్పాను. ఆవిడ చెయ్యి ఊపింది. దేనితో తోముతున్నావని అడగలేదు. అన్నీ అయ్యాక సగం డేక్సా చిక్కటి రసం మిగిలింది. చెట్టుకాయ నీళ్ళు చెట్లకి మంచివే అనుకుని గట్టు మీంచి వాగులోకి వంచేశాను. అప్పటికి మూడు వారాలుగా వాన లేదు. వాగు చిన్న చిన్న మడుగులుగా విడిపోయి, మధ్యలో సన్నటి ధారగా ఉంది.

మర్నాడు, సోమవారం పొద్దున్న ఆవిడ నన్ను పిలిచింది. మా పెరటి కింది మడుగు దగ్గర కూర్చుని, తెల్లటి ట్రేలో చచ్చిన పిల్లల్ని వరసలుగా పేరుస్తోంది. అవి సాలమండర్ పిల్లలని నాకు తెలియలేదు, పెద్దవాటిలా లేవు. ముదురు గోధుమ రంగు, మెడకి రెండు పక్కలా ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలు. చిన్నతనమంతా నీళ్ళలోనే, మొప్పలతో బతుకుతాయని ఆవిడ చెప్పింది. ఇక్కడి చలికి ఎదుగుదల నెమ్మది. రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు అలా నీళ్ళలోనే ఉండి, ఆ తర్వాత మొప్పలు వదిలి గట్టెక్కుతాయి. ట్రేలో మూడు వరసలున్నాయి. మొదటి వరసలోవి ఒక్కోటి అగ్గిపుల్లలో సగం ఉంటాయి, ఈ ఏడాదివి. రెండోది పోయినేడాదివి. మూడోది రేపో మాపో గట్టెక్కాల్సినవి. మూడేళ్ళ సంతానం ఒక్కరోజున పోయింది. పెద్దవి వేసవి చివర్న అడవిలో తడి ఆకుల కిందికి పోతాయి కాబట్టి అవి బతికి ఉండాలంది.

మడుగులో చిన్న చేపలు కూడా తేలి ఉన్నాయి. కానీ క్రేఫిష్ మాత్రం, అంటే రొయ్యకీ పీతకీ మధ్యస్థంగా ఉండే ప్రాణి, శవాల మధ్య తిరుగుతూ ఒకదాన్ని పట్టుకుని తింటోంది. ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఇది ఎందుకు బతికిందో నాకు అర్థం కావట్లేదు" అంది.

ఆ క్షణంలో నాకు డేక్సా గుర్తు రాలేదు. ఇది నిజం. సాయంత్రం అన్నం తింటుంటే గుర్తొచ్చింది. జుట్టుకి రుద్దుకునే కాయ, పసిపిల్లలకి కూడా దానితోనే తలంటుతారు, దానివల్ల ఏమవుతుందిలే అని తోసేశాను.

బుధవారం నాకు ఆ సందు కూడా లేకుండా పోయింది. మా వీధి చివరింటి స్నేహితుడి నాన్నగారు ఆర్నెల్లు ఉండడానికి భీమవరం నుంచి వచ్చి ఉన్నారు. నేను బాబాయి గారూ అని పిలిచేవాణ్ణి. ముప్పై ఏళ్ళు రొయ్యల చెరువులు చేసిన మనిషి. సాయంత్రం వాకింగులో వాగు సంగతి చెప్పాను. లాన్ మందే పడిందని అందరూ అనుకుంటున్నారన్నాను.

"అన్నీ పోయాయా?" అన్నారు.

"రొయ్యలాంటిది ఒకటుంటుంది బాబాయి గారూ, అది తప్ప అన్నీ."

ఆయన ఆగిపోయారు. "అయితే పురుగుమందు కాదయ్యా. పురుగుమందైతే ముందు పోయేది రొయ్యే. పక్క చేలో ఎవడో కొడితే నా చెరువు మొత్తం పోలా? ఇది టీ గింజల పిండిలాంటిది ఏదో పడుంటది. రొయ్య పిల్లల్ని వదిలే ముందు చెరువులో అదే చల్లుతాం. చేపలన్నీ తేలిపోతాయి, రొయ్యకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ నురగ మొప్పల్ని తినేస్తది. మా చిన్నప్పుడైతే ఇవన్నీ ఎక్కడ, కుంకుళ్ళు దంచి గుంటలో పోసి చేపలు పట్టేవోళ్ళం."

"కుంకుళ్ళా?" అన్నాను.

"ఈ దేశంలో కుంకుళ్ళెవడు పోస్తాడులే" అని ఆయనే నవ్వి నడక సాగించారు.

శనివారం మా కాలనీ కమిటీ సమావేశం. ఈ లోపల, మంగళవారమే, పక్కింటావిడ లాన్ మనిషి ట్రక్కుని రోడ్డు మీద ఆపి గట్టిగా మాటలన్నదని విన్నాను. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. సమావేశానికి అతను కూడా వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, సొంత ట్రక్కు ఒకటి, సహాయానికి ఎవరూ లేరు. మా వీధి మొత్తం అతనే చేసేవాడు, మా లాన్‌తో సహా. ట్యాంకు ఇంటి దగ్గరే నింపుకుంటాననీ, ఇంటి దగ్గరే కడుగుతాననీ, వాగులో ఎప్పుడూ చెయ్యి కూడా పెట్టలేదనీ చెప్పాడు. కమిటీ అధ్యక్షుడు మా అందరి వైపు చూసి, ఆ వారాంతంలో వాగు దగ్గర ట్రక్కుని ఎవరైనా చూశారా అని అడిగాడు. మా పెరడే వాగుకి దగ్గర కాబట్టి నన్ను పేరు పెట్టి అడిగాడు.

"పోయిన శనివారం తూము దగ్గర ఆగి ఉండగా చూశాను" అన్నాను.

ఇందులో అబద్ధం లేదు. శనివారం అతని ట్రక్కు అక్కడ ఆగింది, అతను సీట్లో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. శాండ్‌విచ్ సంగతి నేను చెప్పలేదు. ఆదివారం నేను పోసిన రసం సంగతి అసలే చెప్పలేదు. పక్కింటావిడ మళ్ళీ క్రేఫిష్ మాటెత్తింది. దానికి జవాబు ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. అధ్యక్షుడు టైమైపోతోందన్నాడు. కాంట్రాక్టు రద్దుకి చేతులెత్తమన్నప్పుడు నేను ఎత్తలేదు. ఎత్తకపోవడం ఏదో మంచిపని చేసినట్టు కొన్నాళ్ళు అనుకున్నాను కూడా.

ఎందుకు చెప్పలేదంటే, పెరట్లో పెద్ద పాత్రలు తోముతున్నామని మా మీద అంతకుముందే ఒక ఫిర్యాదు ఉంది. నేను నోరు విప్పితే గ్యారేజీలో వంటలే ఆపించేస్తారని, మనవాళ్ళందరికీ మాటొస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. మనవాళ్ళని అడ్డం పెట్టుకున్నాను, అంతే. నాకు మాట రాకూడదన్నదే అసలు సంగతి. చుట్టుపక్కల రెండు కాలనీల వాళ్ళు కూడా ఆ కబురు విని అతన్ని మానిపించారు. ఆ ట్రక్కు మళ్ళీ మా వైపు కనపడలేదు.

ఆ తర్వాతి ఏప్రిల్ నుంచి పక్కింటావిడతో లెక్కకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఏడాదికి రెండుసార్లు వాగులో సాలమండర్లని లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయడం ఆవిడ ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని. మోకాళ్ళు నొప్పులు, రాళ్ళెత్తడానికి ఎవరైనా కావాలి. నేను వస్తాననగానే సంతోషించింది. ఆ సంతోషానికి నేను తగనని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. చేతికి దోమల మందు గానీ, క్రీము గానీ, శానిటైజర్ గానీ ఉండకూడదు. రాయిని మన వైపుకి ఎత్తాలి. చూసి, అది ఏ గుంటలో ఏ తీరున ఉందో అదే తీరున పెట్టాలి. ఒక పక్కకి వాలినా కింద తడి పోతుంది, ఆ ఇల్లు పోయినట్టే.

ఆ వసంతంలో పెద్దవి అడవిలోంచి తిరిగొచ్చాయి. నీళ్ళలో సగం మునిగిన రాళ్ళ అడుగున గుడ్లు పెట్టాయి. సగ్గుబియ్యం గింజల్లాంటివి, ఒకే వరుసగా, రాయి పైకప్పుకి అతికించి ఉంటాయి. తల్లి వాటి పక్కనే ఒంటిని చుట్టుకుని వారాల తరబడి కూర్చుంటుంది. రాయి ఎత్తినా చాలాసార్లు పారిపోదు. దాని ముక్కు రంధ్రం నుంచి పై పెదవి దాకా సన్నటి గాడి ఉంటుంది. భూతద్దంతో చూస్తే గాని కనపడదు. నడుస్తూ నడుస్తూ మూతిని నేలకి తాకిస్తుంది. నేల మీది తడి ఆ గాడిలోంచి ముక్కులోకి పాకుతుంది. వాసన దానికి అలా తెలుస్తుందట. ఎవరైనా తోక పట్టుకుంటే తోక వదిలేసి పోతుంది, మళ్ళీ మొలుస్తుంది. ఇవన్నీ ఆవిడ చెప్పగా నేర్చుకున్నవే. నేర్చుకుంటున్న కొద్దీ నేను పోసిందేమిటో నాకు ఇంకా స్పష్టంగా తెలుస్తూ వచ్చింది.

వాగులో గుడ్లున్నాయి, తల్లులున్నాయి. నీళ్ళలో మాత్రం పిల్లలు లేవు. ఎండాకాలానికి ఆ ఏటి గుడ్లు పిల్లలయ్యాయి. రెండో వసంతంలో ఒక ఏడాది వయసువి దొరికాయి, అంతకంటే పెద్దవి లేవు. మూడో వసంతం, అంటే ఈ ఏప్రిల్, నేను అన్నీ బాగుపడి ఉంటాయనుకున్నాను. నీళ్ళలో రెండు వయసుల పిల్లలు కనిపించాయి. కానీ రాళ్ళ కింద తల్లులు ముందటి సంవత్సరాల కంటే బాగా తగ్గాయి. ముసలివి కొన్ని పోయాయి. వాటి స్థానంలోకి రావాల్సినవి మూడేళ్ళ కిందట ఆ తెల్ల ట్రేలో ఉన్నాయి.

ఆవిడని ఊరి లైబ్రరీలో ఈ వాగు గురించి మాట్లాడమన్నారు. స్లైడ్లు చేసిపెట్టమని నన్నడిగింది. ఆవిడ వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని, ఆవిడ చదువుతుంటే నేను టైపు చేస్తున్నాను. లాన్ మందు వాగులో కలిసిన ఏడాది అని ఒక స్లైడు. దాని కింద, క్రేఫిష్ ఎందుకు బతికిందో తెలియలేదు అని రాయమంది. ఆ మాట ఎందుకు, వినేవాళ్ళకి అనుమానాలొస్తాయి కదా అన్నాను. తెలియనిది తెలియదని చెప్పకపోతే మిగతాది ఎవరు నమ్ముతారంది. నేను టైపు చేయడం ఆపేశాను. డేక్సా దగ్గర మొదలుపెట్టి సమావేశం దాకా అంతా చెప్పాను.

ఆవిడ నోటు పుస్తకం దగ్గరికి లాక్కుంది. తర్వాత ఎన్ని ప్యాకెట్లని అడిగింది. ఎంతసేపు మరిగింది, ఎన్ని గంటలకి పోశావు, ఏ చోట అని అడిగింది. అన్నీ రాసుకుంది. ఆ ఏటి పేజీ తీసి, లాన్ మందు అన్న మాటని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన కొత్తగా రాసి, తేదీ వేసింది. పెన్ను మూత పెట్టాక అంది:

"నేను అతని ట్రక్కు ఆపి, అబద్ధాలకోరువన్నాను. ఆ రోజుకి నీకు తెలుసా?"

"ఆ రోజుకి అనుమానమే. సమావేశం నాటికి తెలుసు."

ఇంటికి వెళ్ళమంది. స్లైడ్లు తనే చేసుకుంటానంది. మే నెలలో మళ్ళీ పిలిచింది గానీ, ఇప్పుడు రాయి గురించి తప్ప వేరే మాట్లాడదు.

లాన్ మనిషి ఫోన్ నంబరు మా పాత బిల్లు మీద ఉంది. ఫోన్ చేసి, ఒక సంగతి చెప్పాలి, రాతలో తెస్తానన్నాను. నేనెవరో గుర్తుపట్టాడు. ఫలానా ఊళ్ళో ఫలానా వీధిలో పనిలో ఉంటాను, రమ్మన్నాడు. వెళ్ళేసరికి గడ్డి కోస్తున్నాడు. అదే ట్రక్కు. మెషీను ఆపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. వాగులో పోసింది కుంకుడు రసమనీ, పోసింది నేననీ, అతని మందుకి దానితో సంబంధం లేదనీ అందులో రాశాను. సంతకం పెట్టాను. ఇదే కాగితం కమిటీకి కూడా ఇస్తున్నానని చెప్పాను. రెండుసార్లు చదివాడు.

"మా ఆవిడ అప్పట్లో నన్నడిగింది, నిజంగా కడగలేదా అని. ఒక్కసారే అడిగింది. నమ్మిందో లేదో నాకిప్పటికీ తెలియదు" అన్నాడు. తర్వాత కాగితం వైపు చూపించి, "మీటింగ్ రోజున నీకు తెలుసా?" అన్నాడు.

తెలుసన్నాను.

"అది ఇందులో లేదు."

నేను కాగితాన్ని ట్రక్కు బానెట్ మీద పెట్టాను. బానెట్ వేడిగా ఉంది. సమావేశానికి మూడు రోజుల ముందే నాకు కారణం తెలుసనీ, తెలిసీ అతని ట్రక్కు మాటెత్తాననీ, అతను ఆ సమయంలో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడనీ కింద రాశాను. దాని కింద కూడా సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకోసారి చదివి, మడిచి, షర్టు జేబులో పెట్టుకుని బొత్తాం వేసుకున్నాడు. నేను క్షమించమని అడిగాను. ఇంకా రెండు లాన్లున్నాయని మెషీను స్టార్ట్ చేశాడు.

కమిటీకి ఇచ్చిన కాగితంలో కూడా ఆ వాక్యాలు చేర్చి, సమావేశంలో నేనే చదివాను. పాత విషయం కదా అన్నారు ఒకరిద్దరు. మినిట్స్‌లోకి ఎక్కించమని పట్టుబట్టాను, ఎక్కించారు. కాంట్రాక్టు వేరే వాళ్ళకి వెళ్ళిపోయింది, అది తిరిగి అతనికి రాలేదు. చుట్టుపక్కల రెండు కాలనీలకి ఉత్తరం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మన సంఘం వాళ్ళలో కొందరు ఈ సంగతి ఆ నోటా ఈ నోటా, అరకొరగా విన్నారు. అందుకే పూర్తిగా రాశాను. వాగులూ చెరువుల పక్కన ఇళ్ళున్నవాళ్ళు కుంకుడు నీళ్ళు ఇంట్లో సింకులోనే పోయండి. లాన్ పని చేసే మనిషి కావాలంటే నన్నడగండి, అతని నంబరు నా దగ్గరుంది.